నేలచెవి ఎరగని అడుగులు

ఆ పొద్దు ఆకాశం రాగులు కడిగిన నీళ్ల మాదిరిగా ఉంది. మబ్బా అంటే మబ్బు కాదు, మంచా అంటే మంచు కాదు. తూర్పున పొద్దు పొడిచిందని తెలుస్తోంది గాని ఎక్కడ పొడిచిందో వేలు పెట్టి చూపలేం. వానకు ముందు పట్టే మబ్బులో ఒక బరువు ఉంటుంది. పశువులు కూడా దాన్ని పసిగట్టి మెడ వంచుకుంటాయి. ఇందులో ఆ బరువు లేదు. ఓబులేశు వాకిట్లో నిలబడి తలెత్తి చాలాసేపు చూశాడు.

"ఆకాశం ఏమన్నా జీతమిస్తాందా నీకు? లోపలికి రా, కాఫీ సల్లారిపోతాంది," అని కేకేసింది నాగసుబ్బమ్మ.

అతను లోపలికి వెళ్లేసరికి కూతురు చౌడేశ్వరి వంటింటి గడప మీద కూర్చుని ఉంది. తల్లి చీర చుట్టుకుని, తడి జుట్టు విరబోసుకుని, చిన్నప్పటి మాదిరే మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుంది. ఆ పిల్ల వైమానిక దళంలో పైలట్ అని చెబితే కొత్తవాళ్లు నమ్మరు.

"గడప మీద కూచోవద్దంటే ఇనవు గదా. విమానాలు తోల్తే సరిపోయిందా?" అంది తల్లి.

"గడప దాటుతాండా గదమ్మా ఎప్పుడూ. రోంతసేపు కూచోనీ," అంది చౌడేశ్వరి. తండ్రిని చూసి నవ్వింది. "నాయనా, రోడ్డుమీద ఆ ఫ్లెక్సీ చూసినావా? నా ముక్కును నీ ముక్కంత చేసినారు."

"నా ముక్కుకేమైంది?"

"ఏమీ కాలే. దానికి వేరే ఫ్లెక్సీ కావల్ల, అంతే."

ముగ్గురూ నవ్వారు. ఊరివాళ్లు కట్టిన ఆ ఫ్లెక్సీలో చౌడేశ్వరి మెడలో పతకం, వెనక విమానం, కింద ఊరి కుర్రవాళ్ల బొమ్మలు వరుసగా ఉన్నాయి. ఉగాదికి ముందు, సముద్రం అవతల ఉన్న సెమారా దేశపు కొండల్లో మన విమానాలు ఒక స్థావరాన్ని పడగొట్టాయి. మన సరుకు ఓడల్ని తగలబెట్టే ముఠాలు అక్కడ పొద్దున్నే కవాతు చేస్తున్నాయన్నారు. ఆ స్థావరం మీద బాంబు వదిలిన విమానం చౌడేశ్వరిది. ఇప్పుడు సెలవు మీద వచ్చింది. రేపటికల్లా మళ్లీ వెళ్లాలి. ఎందుకని తల్లి అడగలేదు. అడగకూడదని తండ్రికి తెలుసు.

"ఈ పొద్దు ఆ వెల్డా దేశం పెద్దమనిషి మీ గనికి వస్తాండాడంట గదా," అంది చౌడేశ్వరి గొంతు తగ్గించి. "ఏం చూపిస్తారు ఆయప్పకు?"

"ఏముందీ, గీతలు."

"అసలు యాల చూపించల్ల నాయనా? మన ఓడలు కాలినాయి. మనోళ్లు సచ్చినారు. మన విమానం పోయి కొట్టొచ్చింది. వాళ్లకు లెక్క చెప్పాల్సిన పనేముంది?"

"వాళ్ల విమానాల రేవులో దిగి చమురు పోసుకుంటిరి గదమ్మా."

"చమురు పోసినోళ్లంతా లెక్క చూపించమంటే ఎట్లా?"

"ఈసారి వాళ్ల పైలట్ పిల్లోళ్లు కూడా మీతో వస్తారంట. అందుకని అడుగుతాండారు."

చౌడేశ్వరి పెదవి విరిచింది. ఓబులేశు గ్లాసు కింద పెట్టి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటపడ్డాడు. అతను మాటల మనిషి కాదు. కూతురితో ఆ మాత్రం మాట్లాడటమే ఎక్కువ.

*

ఊరికి ఆమడ దూరంలో పాత ముగ్గురాయి గని ఉంది. ఓబులేశు తండ్రి అందులో కూలి. గని మూతపడ్డాక ఓబులేశు చదువుకుని, భూగర్భశాస్త్రం నేర్చుకుని, తిరిగి అదే గనిలోకి దిగాడు. ముగ్గురాయి పొర కింద ఒక నల్లరాతి పొర ఉందని, అది పడమరగా సాగి, సముద్రం కింద దూరి, సెమారా కొండల్లో మళ్లీ పైకి తేలుతుందని కనిపెట్టింది అతనే. ఆ రాతికి ఒక గుణం ఉంది. తనమీద పడిన అదురును అది దారిలో పారేసుకోదు. అక్కడ ఒక మనిషి నేల తొక్కితే ఇక్కడ రాయి వణుకుతుంది. ఆ వణుకు మనిషి చెవికి అందదు. రాతిలోకి దించిన కడ్డీల చివర ఉన్న స్ఫటికాలు దాన్ని పట్టుకుంటాయి, యంత్రం గీతలుగా గీస్తుంది. దీనికి నేలచెవి అని పేరు పెట్టింది కూడా ఓబులేశే. భూకంపాలు ముందుగా తెలుసుకోవడానికి పనికొస్తుందనుకున్నాడు. సైన్యం వచ్చి, ఇంకో పనికి పనికొస్తుందంది.

యంత్రానికి అడుగులు నేర్పించారు. గని మీద మైదానంలో ఒక పటాలం నెలల తరబడి కవాతు చేసింది. ఇది సైనికుల అడుగు అని చెప్పారు. చుట్టుపక్కల పల్లెల్లో పశువుల నడక, ట్రాక్టర్లు, పొలంలో కూలీలు, పెళ్లి ఊరేగింపులు అన్నీ వినిపించారు. ఇది ఊరి అడుగు అని చెప్పారు. చాలా కాళ్లు ఒకే తాళంలో, రోజూ పొద్దున్నే, ఒకే చోట పడితే అది పటాలమేనని యంత్రం నేర్చుకుంది.

గనిలోకి దిగగానే సంచాలకుడు శశిధరంగారు ఎదురొచ్చారు. ఆయనది కృష్ణ ఒడ్డున ఊరు. సాధువైన మనిషి, కాని ఆ రోజు మెడ చుట్టూ చెమట పట్టి ఉంది.

"ఏవండీ ఓబులేశుగారూ, పెద్ద చిక్కొచ్చింది. ఆ వెల్డా ఆయన గీతలు చూడ్డట. వింటాడట."

"ఏం వింటాడు సార్?"

"ఆ అడుగులు. 'నాకు గీతలు చదవడం రాదు, వినడం వచ్చు' అన్నాడట ఢిల్లీలో. మనవాళ్లు సరే అనేశారు. చేయగలరా?"

చేయగలడు. ఆ అదురును పైస్థాయికి ఎత్తి చెవికి అందేలా చేయడం కష్టం కాదు. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు, అంతే. యంత్రం వింటోంది కదా, మనుషులు వినడం ఎందుకు అనుకున్నారు.

"ఆయన మధ్యాహ్నానికి వస్తాడు. రెండూ తయారుచేయండి. మనం కొట్టిన చోటుది, కొత్తగా దొరికిన చోటుది," అన్నారు శశిధరంగారు. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టు, "స్నేహితుడన్నవాడు నమ్మాలి గాని, సాక్ష్యం అడుగుతాడా?" అన్నారు.

ఆ కొత్త చోటు, మొదటి చోటుకు రెండు కొండల అవతల. అక్కడ పది రోజుల కిందట అవే అడుగులు మొదలయ్యాయి. ముఠా మళ్లీ చేరుకుంటోందని యంత్రం చెప్పింది. చౌడేశ్వరి ఎందుకు తిరిగి వెళుతోందో ఓబులేశుకు తెలియడానికి అదే కారణం.

అతను తన గదిలో కూర్చుని, ఉగాది ముందటి రికార్డు తీసి, స్థాయి ఎత్తి, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

మొదట రాయి చేసే రొద వినిపించింది. తర్వాత అడుగులు. దమ్, దమ్, దమ్. ఒకేసారి చాలా కాళ్లు. గీతల్లో చూసినట్టే ఉంది, తాళం తప్పలేదు. అతను గ్లాసులో నీళ్లు తాగబోయి ఆగిపోయాడు.

ప్రతి దమ్ము వెనకా ఇంకేదో ఉంది. సైనికుడి కాలు నేలను కొడుతుంది, వెంటనే లేస్తుంది. ఈ కాలు పడుతోంది, దిగుతోంది, తర్వాత దాన్ని పీకుతున్నారు. దమ్, సర్ర్. దమ్, సర్ర్. నేల ఆ కాలిని పట్టుకుని వదలడంలేదు. బురదలోంచి మడమ లాగినట్టు.

వరుస చివరిదాకా వెళ్లి తిరిగింది. తిరిగేటప్పుడు ఒక కొసవాళ్లు అక్కడికక్కడే తొక్కుతూ ఆగారు, ఇంకో కొసవాళ్లు చుట్టూ నడిచి వచ్చారు. అప్పుడు తాళం కొంచెం సాగింది. మళ్లీ కలిసింది.

ఓబులేశు పాదాలు బల్ల కింద వాటంతట అవే కదిలాయి. అతను వాటివంక చూసుకున్నాడు.

మట్టి తొక్కుతున్నారు.

మిద్దెకు మట్టి. అతనికి ఏడెనిమిదేళ్లున్నప్పుడు వాళ్ల ఊళ్లో చివరి మట్టి మిద్దె లేచింది. ఎర్రమట్టిలో గడ్డి కలిపి, నీళ్లు పోసి, ఇంటికొక మనిషి వచ్చి వరుసకట్టి భుజాలు పట్టుకుని తొక్కారు. మట్టి మాగాలి, అందుకని ఒకరోజుతో పోదు. రోజూ ఎండెక్కకముందే తొక్కాలి. తర్వాత సిమెంటు వచ్చింది, ఊళ్లో ఎవరి కాలికీ ఆ పని పడలేదు. యంత్రానికి ఊరి అడుగులు నేర్పించినప్పుడు ఊరు ఆ అడుగు వేయడం మానేసి నలభై ఏళ్లయింది. సెమారా కొండల్లోవాళ్లు మానలేదు.

అతను ఇంకా విన్నాడు. బరువైన అడుగుల మధ్య తేలికైనవి ఉన్నాయి. అవి తాళాన్ని అందుకోలేక రెండేసి వేస్తున్నాయి. వరుస చివర ఒకరు కుంటుతున్నారు. ఎడమ కాలు పూర్తిగా పడదు, కుడికాలు రెండింతలు పడుతుంది. ఇవన్నీ గీతల్లోనూ ఉన్నాయి. 'పొరపాటు అదురు' అని యంత్రం వాటిని వడగట్టి పక్కన పెట్టింది.

తర్వాత బాంబు పడింది. అతను చెవులనుంచి తీసేయబోయాడు. తీయలేదు.

అక్కడితో రికార్డు అయిపోలేదు. పని అయిపోయిందని ఇక్కడ ఎవరూ ఆ తర్వాతిది చూడలేదు, అంతే. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత దూరంనుంచి పరుగులు వచ్చాయి. వాహనాలు రాలేదు. పటాలం మీద బాంబు పడితే వాహనాలు రావాలి. ఒక ఎద్దుబండి వచ్చింది, వెళ్లింది, మళ్లీ వచ్చింది. అందరూ వెళ్లిపోయాక ఒక జత కాళ్లు మిగిలాయి. ఎడమ కాలు పూర్తిగా పడదు. ఆ కాళ్లు ఒకే చోట చుట్టూ తిరిగాయి. ఆగి, మళ్లీ తిరిగాయి. ఓబులేశు వినగలిగినంత సేపు తిరుగుతూనే ఉన్నాయి.

అతను కొత్త చోటుకు మార్చాడు. అది రికార్డు కాదు. ఆ క్షణాన అక్కడ జరుగుతున్నదే. దమ్, సర్ర్. దమ్, సర్ర్. కాళ్లు తక్కువ. వరుస చిన్నది. చివర కుంటికాలు ఉంది.

ముఠా మళ్లీ చేరుకోవడం కాదు. మిగిలినవాళ్లు మళ్లీ ఇల్లు కట్టుకుంటున్నారు.

*

శశిధరంగారు విని చెవులనుంచి తీసి బల్లమీద పెట్టారు.

"మీరు ఖాయంగా చెప్పగలరా? బురద నేలమీద కవాతు కాకూడదా?"

"పిల్లోళ్లు కవాతు చేయరు సార్."

"చేయించే దేశాలున్నాయి."

"భుజాలు పట్టుకుని చేయరు. తిరిగేటప్పుడు చూడండి. చెయ్యి వదిలితే వరుస అట్లా సాగదు. కలిసి పట్టుకున్నారు కాబట్టి సాగింది."

శశిధరంగారు కళ్లద్దాలు తీసి తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు.

"ఓబులేశుగారూ, ఒక మాట చెప్తాను, కోప్పడకండి. ఢిల్లీకి నేను రాస్తాను. నెమ్మదిగా, మనలో మనం. రెండోది ఆపించడానికి చూస్తాను. కాని వెల్డావాడి ముందు ఎందుకండీ? పరాయివాడికి సంజాయిషీ ఇచ్చుకున్న దేశం రేపు తల ఎత్తుకుంటుందా?"

"మీరు రాస్తే ఆగుతాదా సార్?"

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. చెప్పలేని మనిషిని నిలదీయడం ఓబులేశుకు చేతకాదు. గోడవంక చూస్తూ నిలబడ్డాడు.

"విమానాలు ఇప్పటికే వరస కట్టాయి," అన్నారు శశిధరంగారు చివరికి. "నా కాగితం పైకి వెళ్లేసరికి అవి వెళ్లి వచ్చేస్తాయి." కాసేపాగి, ఇంకా నెమ్మదిగా, "మీ అమ్మాయి పతకం గురించి ఆలోచించారా? ఆ పిల్లకు తెలిస్తే ఏమవుతుందో ఆలోచించారా? తెలియకపోతే జీవితమంతా తల ఎత్తుకుని బతుకుతుంది. ఆ ఈడ్పు కవాతులో వరసల మార్పు అని ఒక్క మాట చెప్పండి ఆయనకి. ఎవడు కాదంటాడు? ఈ భూమ్మీద ఆ రాయి భాష తెలిసింది మీకొక్కరికే."

ఓబులేశు తెరవైపు తిరిగాడు. అవును, తనకొక్కడికే. తను వరసల మార్పు అంటే అది వరసల మార్పే. చౌడేశ్వరి మళ్లీ విమానం ఎక్కుతుంది, మళ్లీ వస్తుంది, మళ్లీ గడప మీద కూర్చుని నవ్వుతుంది. ముక్కు గురించి ఎగతాళి చేస్తుంది. ఎప్పటికీ ఏమీ తెలియదు ఆ పిల్లకు.

"ఏమంటారు?" అన్నారు శశిధరంగారు.

"ఆయన్ని రానీండి సార్," అన్నాడు ఓబులేశు.

*

వెల్డానుంచి వచ్చినాయన పేరు ఇల్మార్ తోసు. పొడుగ్గా, వంగిపోయి, గోడకు ఆనించిన పాత నిచ్చెన మాదిరి ఉన్నాడు. మెడలో ఒక అనువాద యంత్రం వేలాడుతోంది. ఆయన తన భాషలో గొణుగుతాడు, అది పుస్తకాల తెలుగులో గట్టిగా పలుకుతుంది.

"మాన్యులారా, నమస్కారము. నేను మిక్కిలి అలసితిని. కుర్చీ గలదా?" అంది యంత్రం.

శశిధరంగారు నవ్వు ఆపుకుని కుర్చీ చూపించారు. "తమరు రావడం సంతోషం. కాని ఒక మాట ముందే చెప్పాలి. మా దేశం తన రక్షణ కోసం చేసిన పనికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. ఇది స్నేహం కొద్దీ చూపిస్తున్నాం."

ఇల్మార్ తల ఊపాడు. "సత్యము. మీరు మాకు ఏమియు చెప్పనవసరము లేదు. కాని ఎల్లుండి మా బిడ్డలు మీతో వచ్చెదరు. వారి తల్లులు నన్ను అడుగుదురు. నేను వారికి ఏమి చెప్పవలెను?" ఆయన చెవులకు పెట్టుకునే సాధనం చేతిలోకి తీసుకుని, ఇంకోమాట గొణిగాడు. యంత్రం దాన్ని కూడా గట్టిగా చెప్పేసింది. "త్వరగా తృప్తి చెంది రమ్మని మావారు నాకు చెప్పి పంపిరి." ఆయన ముఖం ఎర్రబడింది.

కళ్లు మూసుకుని విన్నాడు. వేళ్లతో మోకాలి మీద తాళం వేశాడు. ఒకచోట వేళ్లు ఆగిపోయాయి.

"ఈ ఈడ్పు ఏమిటి?"

శశిధరంగారు ఓబులేశు వైపు చూడలేదు. కిటికీ లేని గోడవైపు చూస్తున్నారు.

ఓబులేశుకు ఆ క్షణంలో కూతురి తడిజుట్టు కనిపించింది. ఆ బల్లమీదే తెరలో కొత్త చోటు గీతలు పారుతున్నాయి. పడమటి కొండల్లో పొద్దు మనకన్నా ఆలస్యం, వాళ్లు ఇంకా తొక్కుతున్నారు. ఎండెక్కుతోంది, ఇంకాసేపట్లో మానేస్తారు. రేపు మళ్లీ వస్తారు. ఎల్లుండి కూడా వస్తారు.

"అది సైన్యం కాదు సార్," అన్నాడు. "ఊరోళ్లు. మిద్దెకు మట్టి తొక్కుతాండారు."

"మిద్దె అనగా?"

"ఇల్లు."

యంత్రం ఆ మాటను ఇల్మార్ భాషలో చెప్పింది. చిన్నమాట. ఆయన దాన్ని తన నోటితో ఒకసారి అనుకున్నాడు.

"మొదటి స్థలమందును?"

"ఆడా అంతే."

ఇల్మార్ మెడలోని యంత్రాన్ని తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇంక ఆయన అన్నదేమిటో ఎవరికీ తెలియలేదు. ఓబులేశు చెయ్యి పట్టుకుని ఏదో అన్నాడు, పట్టుకునే ఉన్నాడు. ఆ చెయ్యి చల్లగా ఉంది. మెట్లెక్కి వెళ్లేటప్పుడు ఆయనే తన దేశానికి ఫోను కలిపాడు.

శశిధరంగారు ఓబులేశు మెడలోని గుర్తింపు కార్డు వైపు చెయ్యి చాపారు. చేయి చాపినందుకు సిగ్గుపడుతున్నట్టు తల వంచుకున్నారు. ఓబులేశు కార్డు తీసి ఇచ్చాడు.

"పొరపాటు చేశారు," అన్నారు ఆయన. వెంటనే, "నేనైతే చేయలేకపోయేవాణ్ణి," అని కూడా అన్నారు.

*

ఓబులేశు ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. చౌడేశ్వరి పెరట్లో ఫోను చేత్తో పట్టుకుని అటూ ఇటూ తిరుగుతోంది. తండ్రిని చూడగానే వచ్చేసింది.

"నాయనా, రద్దు చేసినారంట! వెల్డావోళ్లు రేవు మూసేసినారు. వాళ్ల రేవు లేకుంటే అంతదూరం పోయి రాలేం. అంత కష్టపడి దొరకబట్టినాం, ఇప్పుడు వాళ్లు పారిపోతారు. ఇదా వాళ్ల స్నేహం? మనం వాళ్ల కాళ్లకాడ నిలబడి జవాబు చెప్పల్లా?" ఆ పిల్ల గొంతులో కోపం ఉడుకుతోంది. "ఏం జరిగింది ఆడ? ఆ ముసలాయన ఏమన్న్యాడు?"

"ఆయన ఏమీ అన్లేదు. నేనే చెప్పినా."

"ఏం చెప్పినావు?"

ఓబులేశు చెప్పులు విడిచాడు. వేపచెట్టు కింద అరుగు మీద కూర్చుంటాడేమో అనుకుంది. కూర్చోలేదు.

"అది సైన్యం కాదమ్మా."

"కొత్తదా?"

"కొత్తదీ కాదు." చెప్పులు పక్కకు జరిపాడు. "మొదటిదీ కాదు."

చౌడేశ్వరి నవ్వబోయింది. నవ్వు సగంలో పోయింది. "నువ్వే గదా నాయనా చెప్పింది. నీ యంత్రమే గదా. పొద్దున్నే కవాతు చేస్తాండారని మాకు చూపించినారు. గీతలు చూపించినారు. నేను చూసినా."

"గీతలు చూసినాం. ఇన్లేదు."

"ఏంది ఇనేది? ఎట్లుంటాది అది? చెప్పు."

చెప్పడానికి అతనికి మాటలు లేవు. ఎప్పుడూ లేవు. పెరట్లో నాగసుబ్బమ్మ కుంపటి దగ్గర నీళ్లు పారబోసిన చోట నేల మెత్తగా ఉంది. అతను వెళ్లి అక్కడ నిలబడ్డాడు. పంచె పైకి దోపుకున్నాడు. చేతులు రెండువైపులా ఎవరి భుజాలమీదో వేసినట్టు చాపి, తొక్కడం మొదలుపెట్టాడు. దమ్, మడమ లాగి. దమ్, మడమ లాగి. నాలుగడుగులు ముందుకు వెళ్లి, అక్కడికక్కడ తొక్కుతూ ఆగి, తిరిగాడు. యాభైయేడేళ్ల మనిషి. పాదాలకు బురద అంటుకుంది. చౌడేశ్వరి ఏమీ అర్థం కాక చూస్తోంది.

వంటింట్లోనుంచి నాగసుబ్బమ్మ నవ్వు వినిపించింది. ఆమె ఇంకా బయటికి రాలేదు. అతన్ని చూడలేదు. పొయ్యి దగ్గరనుంచే అరిచింది:

"ఏమయ్యోవ్, ఎవురి మిద్దెకు తొక్కుతాండావు మట్టి?"

ఓబులేశు ఆగిపోయాడు.

నాగసుబ్బమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది, నవ్వుతూనే. "మా జేజి ఇంటికి తొక్కినప్పుడు నేను ఇంతుండా. నా కాళ్లు దిగబడిపోతే మా మామ సంకలో ఎత్తుకుని తొక్కినాడు. ఎన్నేండ్లాయె ఆ సప్పుడు ఇని..." ఆమె భర్త ముఖం చూసింది. కూతురి ముఖం చూసింది. నవ్వు ఆగింది. "ఏమైంది? యాల అట్లుండారు?"

ఓబులేశు పంచె దించుకున్నాడు.

చౌడేశ్వరి గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అమ్మ ఇంట్లోనుంచే కనిపెట్టింది నాయనా."

"అవునమ్మా."

"పిల్లోళ్లు కూడా తొక్కుతారా?"

అబద్ధం చెప్పడానికి అతనికి అప్పటికీ దారి ఉంది. ఆ రాయి భాష తెలిసింది అతనొక్కడికే. "తేలిక అడుగులు ఉన్న్యాయి," అన్నాడు.

ఆ పిల్ల వేపచెట్టు మొదలు పట్టుకుంది. ఏడవలేదు. విమానం నడిపే మనిషి కళ్లు ఏవో కొలతలు చూసుకుంటున్నట్టు ఖాళీగా ఒకచోట నిలిచిపోయాయి. "పైనుంచి ఏమీ కనపడదు నాయనా," అంది. "మబ్బుండె ఆ పొద్దు. తెరమీద లెక్క చూపిస్తాది, మనం నొక్కుతాం. నాకు ఏమీ కనపళ్లే."

"తెలుసమ్మా."

"నేను పోకముందు నువ్వు ఎందుకు ఇన్లేదు?"

అతను మడమకు అంటిన మట్టిని నేలకు రాశాడు. ఆ ప్రశ్నకు సమాధానం ఉంటే పొద్దున గనిలో తనకే చెప్పుకునేవాడు. ఒకరు వచ్చి అడిగారు కాబట్టి విన్నాడు. అడగనంతకాలం వినలేదు. అదే నిజం. ఆ నిజాన్ని కూతురి ముందు పెట్టడానికి అతనికి చేతులు రాలేదు.

నాగసుబ్బమ్మకు మెల్లమెల్లగా అర్థమైంది. ఎవరూ వివరించలేదు. ఆమె వచ్చి కూతురి జుట్టు ముడి వేసి, భుజంమీద చెయ్యి వేసింది. చౌడేశ్వరి ఆ చేతిని తోయలేదు, పట్టుకోనూ లేదు. తన చేతివేళ్లవంక చూసుకుంటోంది.

వీధిలో ఎవరో కుర్రవాళ్లు బండిమీద పోతూ "అక్కా, జిందాబాద్!" అని కేకేసి వెళ్లారు.

చీకటి పడేలోపు టీవీలో మంత్రి ఒకరు మాట్లాడారు. మన దేశం ఎవరి అనుమతీ అడగదని, ఎవరికీ సంజాయిషీ ఇవ్వదని, మొదటి దాడి ఘనవిజయమని, వెల్డా తీరు విచారకరమని చెప్పారు. మట్టి గురించి ఏమీ చెప్పలేదు. చౌడేశ్వరి వెళ్లి టీవీ ఆపేసింది. తర్వాత తన బ్యాగులోనుంచి యూనిఫారం తీసి, మడత విప్పి, మళ్లీ మడత పెట్టి, మంచం మీద పెట్టింది. రేపు దాన్ని వేసుకుంటుందో, ఇచ్చేసి వస్తుందో తండ్రి అడగలేదు.

నాగసుబ్బమ్మ వంటింట్లో కింద చాప పరిచింది. ముగ్గురికీ పళ్లేలు పెట్టింది. సంగటి ముద్దలు పెట్టి, మధ్యలో వేలితో గుంటచేసి, చింతకాయ పచ్చడి వేసి, పప్పు పోసింది. ఓబులేశు కాళ్లు కడుక్కుని వచ్చి గోడవైపు కూర్చున్నాడు. చౌడేశ్వరి చాలాసేపు రాలేదు. తల్లి పిలవలేదు, కంచం ముందు ఎదురుచూస్తూ కూర్చుంది. ఆవిరి తగ్గుతూ వచ్చింది.

చివరికి ఆ పిల్ల వచ్చి తండ్రికి ఎదురుగా కూర్చుంది. ముద్ద తుంచి నోట్లో పెట్టుకుంది. నమల్లేక ఆగింది. మింగింది. తండ్రి తన పళ్లెంలోకి చూస్తూ తిన్నాడు. నాగసుబ్బమ్మ ఇంకో ముద్ద కూతురి పళ్లెంలో పెట్టింది. చాలు అని ఆ పిల్ల అనలేదు. ముగ్గురూ తల ఎత్తకుండా, పళ్లేలు ఖాళీ అయ్యేదాకా తిన్నారు.